హోమం కొండెక్కే దాకా

మా హోటల్‌ని కూలగొట్టడానికి పైనుంచి కింది దాకా పచ్చటి వల కట్టేశారు. పోయిన వారం గచ్చిబౌలి నుంచి వస్తూ ఆటోలోంచి చూశాను. కాసేపు ఆపమంటే ఆటో అతను, "ఈడ ఆపరాదు మేడం, చలాన్ పడ్తది" అన్నాడు. ఇన్నేళ్ళు ఎవరెవరి కార్లో ఆపించిన పోర్టికో ఎదురుగా నాకు దిగడానికి చోటు లేదు. సరే పోనివ్వు నాయనా అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ దిగే ఓపిక లేదు.

ఆ స్థలంలో ఆఫీసు టవర్ వస్తుందట. రానీ.

ఈమధ్య ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ వాళ్ళు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి లేచి, "మేడమ్, ఈ ఫీల్డులో సక్సెస్ కావాలంటే ఏం కావాలి?" అని అడిగింది. మంచి చెప్పులు కావాలమ్మా అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. పాలరాతి నేల మీద రోజంతా నిలబడిన మోకాళ్ళు ఎలా అవుతాయో వాళ్ళకి ఇంకా తెలియదు. మిగతాది అక్కడ చెప్పలేకపోయాను. టైమ్ అయిపోయింది, శాలువా కప్పి పంపేశారు. ఆ మిగతాదే ఇది.

బండలు, తివాచీ

నా పేరు సుభద్ర. మాది తెనాలి. నేను చేరేటప్పటికి ఈ హోటల్‌కి పైకప్పు కూడా పడలేదు. చుట్టూ ఎటు చూసినా బండలే. రోజూ మధ్యాహ్నం వాటిని పేల్చేవాళ్ళు. ముందు విజిల్ వేస్తే మేమంతా రేకుల షెడ్డులోకి పరిగెత్తి, పెద్ద చప్పుడు అయ్యాక బయటికొచ్చి, జుట్టులో దుమ్ము దులుపుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కాఫీ ధర చూస్తే ఆ దుమ్మే నయమనిపిస్తుంది.

నాది బాంకెట్ విభాగం. గదుల సంగతి మాకు పట్టదు. మూడు పెద్ద హాళ్ళు, వాటిలో జరిగే సమావేశాలు, విందులు, తర్వాత్తర్వాత పెళ్ళిళ్ళు, ఇదీ మా పని. హాళ్ళ మధ్య మడిచే గోడలుండేవి. తీస్తే మూడూ ఒకటే హాలు.

మొదటి జనరల్ మేనేజర్ బొంబాయి మనిషి. తివాచీ అంటే ప్రాణం. దాన్ని ఏ దేశం నుంచో తెప్పించారు, లేత గోధుమ రంగు. "ఇది బిజినెస్ హోటల్. ఇక్కడ పెళ్ళిళ్ళు జరగవు" అని మొదటి రోజే ప్రకటించాడు. పసుపు, కుంకుమ, తమలపాకు గుమ్మం దాటకూడదు. మనిషి గర్విష్ఠి, పొద్దున పలకరిస్తే పలికేవాడు కాదు. కానీ నాకు పని నేర్పింది ఆయనే. ఏ కార్యక్రమానికైనా ముందు ఖాళీ హాల్లోకి వెళ్ళి, అన్నిటికంటే వెనక ఉన్న కుర్చీలో కూర్చుని చూడమనేవాడు. వేదిక దగ్గర నిలబడితే అంతా బాగానే కనిపిస్తుంది, వెనక కుర్చీలోంచి చూస్తే తప్పులు కనిపిస్తాయి అనేవాడు. చివరిదాకా ఆ అలవాటు మానలేదు నేను.

తర్వాత ఐటీకి గడ్డురోజులు వచ్చాయి. విదేశాల అతిథులు రావడం తగ్గింది. మూడు హాళ్ళూ ఏసీ వేసుకుని ఖాళీగా కూర్చున్నాయి. ఒకరోజు ఆయనే నన్ను పిలిచి, తెలుగు పెళ్ళికి ఎంతమంది వస్తారని అడిగాడు.

"ఎందరిని పిలిస్తే అంతకు రెట్టింపు సార్" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తివాచీ వైపు ఒకసారి చూసి, "సరే, పెళ్ళిళ్ళు ఒప్పుకో" అన్నాడు.

మొదటి హోమం

ఆడపెళ్ళివారు గుంటూరు వైపు, మగపెళ్ళివారు సంగారెడ్డి. పప్పు ముందా బగారా అన్నం ముందా అన్న చర్చతో పొద్దున్నే మొదలైంది. దాన్ని రెండూ ఒకేసారి వడ్డించి సర్దాను. జీలకర్రా బెల్లం అయింది, తాళి కట్టడం అయింది, తలంబ్రాలతో తివాచీ పని కూడా అయింది. జీఎం గారు తలుపు దగ్గర నిలబడి గుటకలు మింగుతున్నాడు. అప్పుడు పంతులు గారు హోమం వెలిగించారు.

ఆ హాలు కప్పుకి పొగ పసిగట్టే యంత్రాలు ఉన్నాయన్న సంగతి మేమెవరం ఆలోచించలేదు. సిగరెట్ పొగకే ఉలిక్కిపడే యంత్రాలవి. నెయ్యి, సమిధలు, పేలాల పొగకి ఊరుకుంటాయా? హోటల్ మొత్తం అలారం మోగింది. గదుల్లో ఉన్నవాళ్ళంతా మెట్ల మీదుగా దిగి పోర్టికోలోకి వచ్చేశారు. కొందరు స్నానాల గదుల్లోంచి తెల్లటి టవల్ గౌన్లతోనే వచ్చారు. వాళ్ళ పక్కన పట్టుచీరల వాళ్ళు. ఒక విదేశీయుడు గడ్డానికి సబ్బు నురగతో నిలబడి ఉంటే, పెళ్ళికొచ్చిన ఎవరో ముసలమ్మ జాలిపడి ఆయన చేతిలో లడ్డూ పెట్టింది.

పెళ్ళికొడుకు మేనమామ నా మీదికొచ్చాడు. "ఏందమ్మా గిది? పెండ్లి చేస్తున్రా, మమ్ముల పరేషాన్ చేస్తున్రా?"

పెళ్ళికూతురి తండ్రి ఇంకోవైపు నుంచి, "అమ్మా, హోమం మధ్యలో ఆగకూడదండి. ఏదో ఒకటి చెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అని దాదాపు ఏడుస్తున్నాడు.

పంతులు గారు మాత్రం లేవలేదు. చెవులు చిల్లులు పడేలా అలారం మోగుతుంటే ఆయన గొంతు ఇంకాస్త పెంచి మంత్రం చదువుతూనే ఉన్నారు. ఆయన లేవకపోతే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మాత్రం ఎలా లేస్తారు? చీఫ్ ఇంజనీర్ మూర్తి గారు కంట్రోల్ రూముకి పరిగెత్తి అలారం ఆపేదాకా అలా కూర్చునే ఉన్నారు ముగ్గురూ.

మర్నాడు మీటింగు. పెళ్ళిళ్ళు మానేద్దామని జీఎం గారు అనలేదు, వచ్చిన ఆదాయం రుచి చూశాడు గనక. దారి మూర్తి గారు చెప్పారు. హోమం జరిగే హాలు వరకు పొగ యంత్రాలను ఆపి ఉంచవచ్చు. దాన్ని బైపాస్ అంటారు. "కానీ అమ్మా, పైనున్న కళ్ళు మూసినప్పుడు కింద కళ్ళున్న మనిషిని నిలబెట్టాలి. చేతిలో మంటలార్పే సిలిండర్‌తో. లేకపోతే నేను ఒప్పుకోను" అన్నారు.

అలా మా హోటల్లోకి, ప్రతి పెళ్ళిలోకి, అంజయ్య గారు వచ్చారు.

అంజయ్య గారు

సెక్యూరిటీలో పనిచేసేవారు. సొంతూరు పక్కనే, నానక్‌రామ్‌గూడ. పొడుగు మనిషి, కోర మీసం. నేను "అంజయ్య గారూ" అంటే మొదట్లో వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవరినో పిలుస్తున్నానని. "గారు గీరు ఎందుకు మేడం, అంజయ్య అనుండ్రి సాలు" అన్నారు. మా వైపు అలా పిలవరండీ అన్నాను. "అట్లనా, గట్లయితే పిలువుండ్రి" అని ఒప్పుకున్నారు.

ఆయన పని ఒకటే. హోమం వెలిగించింది మొదలు పంతులు గారి వెనక, వేదిక మూల, ఎర్ర సిలిండర్ పట్టుకుని నిలబడాలి. వేరేవాళ్ళయితే గోడకి ఆనుకుంటారు, ఫోన్ చూస్తారు. ఈయన కళ్ళు అగ్ని మీదినుంచి కదిలేవి కావు. ఫొటోగ్రాఫర్లకి ఈయనతో పెద్ద తంటా. "అన్నా, జర పక్కకు జరుగే, ఫ్రేముల వస్తున్నవు" అని బతిమాలేవాళ్ళు. "అగ్గిని పక్కకు జరుపు, నేను జరుగుత" అనేవారు.

కదిలేవారు కాదు. అందుకని ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లోనో పెళ్ళి ఆల్బమ్‌లో ఏడడుగుల ఫొటో తీస్తే పక్కన కోర మీసం, ఎర్ర సిలిండర్ ఉంటాయి. పెళ్ళికూతురి తరపు చుట్టమనుకుంటారట కొందరు. పంతుళ్ళందరికీ ఆయన పేరు తెలుసు. అక్షింతలు పంచేటప్పుడు ఆయనకీ ఇచ్చేవాళ్ళు. ఆయన సిలిండర్ చంకలో పెట్టుకుని, అక్షింతలు వేసి, మళ్ళీ అగ్ని వైపు తిరిగేవారు.

ఆయన భార్య బాలమణి గారు ఒకసారి నాతో అన్నారు: "ఊరందరి పెండ్లి ఫొటోలల్ల ఉంటడమ్మా ఈయన. మా పెండ్లి ఫొటో మాత్రం ఒక్కటి లేదు. ఆనాడు తీసేటోడే లేకుండె." అంజయ్య గారు ముసిముసిగా నవ్వి తల గోక్కున్నారు.

వెనక డాక్

అసలు చిక్కు హోమం అయ్యాక వచ్చేది. పొద్దున పెళ్ళి, సాయంత్రం అదే హాల్లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ వేడుక. మధ్యలో మండపం విప్పాలి, కుర్చీలు మార్చాలి, తివాచీ శుభ్రం చెయ్యాలి. హోమగుండం మాత్రం ఇంకా ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది.

ఒకసారి మా సర్వీసు కుర్రాడొకడు తొందరలో జగ్గుతో నీళ్ళు తెచ్చి గుమ్మరించాడు. బుస్సుమని పొగ లేచింది. అప్పుడే పెళ్ళికూతురి నాయనమ్మ చెంబు మరిచిపోయానని వెనక్కి వచ్చింది. ఆవిడ చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. "పెళ్ళి అగ్నిని నీళ్ళు పోసి ఆర్పుతారా! పొద్దున్నే కదయ్యా నా పిల్ల దాని చుట్టూ తిరిగింది" అని అక్కడే కూలబడిపోయింది. ఎంత చెప్పినా ఊరుకోలేదు. నేను కాళ్ళకి దండం పెట్టాను. ఇందులో నాకు శాస్త్రం తెలియదు, నమ్మకం ఉందా లేదా అంటే అదీ చెప్పలేను. కానీ ఆ ముసలామె ఏడుపు దొంగ ఏడుపు కాదు.

ఆ సాయంత్రం అంజయ్య గారు నా దగ్గరికొచ్చారు. "మేడం, ఇగ నీళ్ళు గిట్ల పొయ్యనియ్యకుండ్రి. గుండాన్ని ఇసుక ట్రేల పెట్టి, ట్రాలీ మీద ఎనుక డాక్ కాడికి తీస్కపోత. దానంతట అది కొండెక్కేదాక ఆడ్నే కూసుంట."

డాక్ అంటే వంటింటి వెనక, కూరగాయల లారీలు ఆగే జాగా. పైన కప్పు లేదు, పక్కన మండేవి లేవు. పంతులు గారిని అడిగాను. "ఉద్వాసన చెప్పాక జరపడానికి దోషం లేదమ్మా. ఆర్పొద్దు, అంతే" అన్నారు. మూర్తి గారు కూడా సరేనన్నారు.

అది మొదలు అదే పద్ధతి. పెళ్ళి కాగానే అంజయ్య గారు ట్రాలీ తోసుకుంటూ వెనక నడవాలోంచి వెళ్ళేవారు. పాలక్రేటు బోర్లించుకుని గుండం పక్కన కూర్చునేవారు. ఉల్లిపాయల బస్తాలు దించేవాళ్ళు కూడా ఆ మూలకి వచ్చేటప్పటికి గొంతు తగ్గించేవాళ్ళు. ఆఖరి నిప్పు బూడిదయ్యాక కంట్రోల్ రూముకి ఫోన్ చేసేవారు. "కొండెక్కింది సార్. ఇగ ఆన్ చేస్కోండ్రి." అప్పుడు వాళ్ళు హాలు బైపాస్ తీసేసి యంత్రాలు మళ్ళీ పనిచేయించేవాళ్ళు.

ఇందులో తప్పెక్కడుందో మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది. అన్నేళ్ళూ మాలో ఒక్కరికీ కనిపించలేదు. పెళ్ళివారు సంతోషం, జీఎం సంతోషం, తివాచీ క్షేమం. సాఫీగా సాగే పనిని ఎవరూ తిరిగి చూడరు. ఈ ఉద్యోగంలో అసలు ప్రమాదం అదే, రాసుకోండి.

పై కళ్ళు మూసి ఉండగా

అది ముహూర్తాల రోజు. రెండు చివరి హాళ్ళలో పెళ్ళిళ్ళు, మధ్య హాల్లో రెండు పెళ్ళిళ్ళకీ భోజనాలు. మూడో హాల్లో పెళ్ళి ముందు అయిపోయింది, రెండోది ఇంకా హోమం దాకా రాలేదు. అంజయ్య గారు గుండాన్ని డాక్‌కి తీసుకెళ్ళారు. డెకరేషన్ వాళ్ళు మండపం విప్పుతున్నారు. ఫోకస్ లైట్లు ఇంకా ఆర్పలేదు, మండపం తెర జారి ఒక లైటు మీద పడింది. నైలాన్ గుడ్డ, థర్మోకోల్, ప్లాస్టిక్ పూలు. ఇంకేం కావాలి?

నేను మధ్య హాల్లో వడ్డన చూస్తున్నాను. పొగ వాసన వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళిలో పొగ వాసనకి ఎవరు ఉలిక్కిపడతారు? కానీ హోమం పొగలో నెయ్యి ఉంటుంది. ఇందులో నెయ్యి లేదు, ప్లాస్టిక్ ఉంది. మడత గోడ పక్కనుంచి తొంగి చూస్తే తెర మీద మంట కప్పు వైపు పాకుతోంది. డెకరేషన్ వాళ్ళు దుప్పటితో కొడుతున్నారు, కొట్టిన కొద్దీ పెరుగుతోంది. పైన యంత్రాలు కళ్ళు మూసుకుని ఉన్నాయి.

గోడ మీది అద్దం పగలగొట్టి అలారం నొక్కాను. బైపాస్ ఉన్నా అది మోగుతుంది. తర్వాత భోజనాల దగ్గరికి పరిగెత్తి అరిచాను. విస్తళ్ళ ముందునుంచి మనుషుల్ని లేపడం ఎంత కష్టమో తెలుసా? "పెరుగు వడ్డించనివ్వండమ్మా" అన్నాడొకాయన. చెయ్యి పట్టి లాగాను. మూర్తి గారి మనుషులు గొట్టాలతో వచ్చారు. కప్పులోంచి కూడా నీళ్ళు పడ్డాయి. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు, దేవుడి దయ. డెకరేషన్ వాళ్ళలో ఒకతనికి చేతులు కాలాయి. మూడో హాలు కప్పు మొత్తం మసి.

అలారం విని అంజయ్య గారు డాక్ నుంచి పరిగెత్తుకొచ్చారు. ముసలమ్మలను ఇద్దరు ముగ్గురిని చేతుల మీద మోసుకుంటూ పోర్టికోకి చేర్చారు. అందరూ బయటపడ్డారని చూసుకుని మళ్ళీ డాక్ వైపు వెళ్ళిపోయారు. అక్కడ గుండంలో ఇంకా నిప్పులున్నాయి కదా. అలా వెనక్కి వెళ్ళడం కూడా తర్వాత ఆయన మీద నేరమే అయింది.

పంచాయతీ

అప్పటికి బొంబాయి ఆయన వెళ్ళిపోయి ఢిల్లీ నుంచి కొత్త జీఎం వచ్చాడు. చెడ్డవాడని నేననను. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. యంత్రాలు ఎందుకు పనిచెయ్యలేదు? బైపాస్ తియ్యలేదు గనక. ఎందుకు తియ్యలేదు? ఫోన్ రాలేదు గనక. ఎవరు చెయ్యాలి ఫోన్? అంతే, ఒక పేరు దొరికింది. పైవాళ్ళకి పేరు దొరికితే నిద్రపడుతుంది.

"అగ్ని హాల్లోంచి వెళ్ళిపోయాక కూడా బైపాస్ ఉంచింది మనం సార్. ఆ పద్ధతి పెట్టింది మనమే. ఆయన మనం చెప్పింది చెప్పినట్టు చేశారు" అన్నాను నేను.

"అలారం ప్యానెల్ నాది. అడగాలంటే నన్ను అడగండి" అన్నారు మూర్తి గారు.

జీఎం అంతా విన్నాడు. విని ఒక షరతు పెట్టాడు. ఇక మీదట ఏ గుండమూ ఎక్కడికీ కదలదు. హోమం కాగానే హాల్లోనే, సిలిండర్‌తో, అంజయ్య గారే ఆర్పాలి. వచ్చే ముహూర్తానికి ఆర్పితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

నేను తెలుగులో చెప్పాను. అంజయ్య గారు టోపీ చేతిలో పట్టుకుని విన్నారు.

"పెండ్లి అగ్గి సార్ అది. ఆ పిల్ల ఏడడుగులు నడిచిన అగ్గి. అంటుకుంటే ఆర్పనీకి నిలవడ్డ నేను. అంటుకోకముందే ఆర్పుమంటే నాతోని కాదు. వేరేటోళ్ళతోని చేపిచ్చుకోండ్రి."

ఏమంటున్నాడని జీఎం నన్ను అడిగాడు. ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

"ఆలోచించుకోమను, ముహూర్తం దాకా టైమ్ ఉంది" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చాక అంజయ్య గారి మీదే అరిచాను. "ఒక్కసారి ఆర్పితే ఏం పోతుందండీ? ఇన్నేళ్ళ ఉద్యోగం!"

"కిరాయిలు వస్తున్నయమ్మా. మూడు రూములు సాఫ్ట్‌వేర్ పోరగాళ్ళకు ఇచ్చిన. తిండికి ఫికర్ లేదు. గని ఆల్బమ్‌లల్ల నేను కాపలా ఉన్న. రేపట్నుంచి ఆర్పేటోని లెక్క ఉండాల్నా?"

 

రెండు ఫోన్లు

ముహూర్తం దగ్గరపడుతోంది. ఒక మధ్యాహ్నం మసి పట్టిన మూడో హాల్లోకి వెళ్ళి అన్నిటికన్నా వెనక కుర్చీలో కూర్చున్నాను. పాత బాస్ చెప్పిన కుర్చీ. మండపం ఎక్కడుండేది, గుండం ఎక్కడుండేది, ట్రాలీ ఏ తలుపులోంచి బయటికి వెళ్ళేది, అన్నీ కళ్ళముందు తిప్పుకున్నాను. ట్రాలీ ఆ తలుపు దాటిన క్షణం హాల్లో హోమం లేదు. ఇక పైన కళ్ళు మూసి ఉంచడం దేనికి?

ఒక ఫోన్ బదులు రెండు. గుండం హాలు దాటగానే ఒకటి, అప్పుడే హాలు యంత్రాలు పనిలోకి వస్తాయి. డాక్‌లో కొండెక్కాక రెండోది, అప్పుడు కాపలా ముగుస్తుంది. ఎవరూ ఆర్పక్కర్లేదు, ఏ హాలూ గుడ్డిగా ఉండక్కర్లేదు. ఇంత చిన్న సంగతికి ఒక కప్పు కాలాల్సి వచ్చింది, ఒకతని చేతులు కాలాల్సి వచ్చింది. మూర్తి గారికి చెబితే నుదురు కొట్టుకున్నారు.

ఇద్దరం జీఎం దగ్గరికి వెళ్ళాం. శ్రద్ధగా విన్నాడు. చాలా బాగుంది, రేపటినుంచే పెడదాం అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, అంజయ్య పేరు ఇప్పటికే హెడ్ ఆఫీసుకి వెళ్ళిపోయింది, వెనక్కి రాదు, కొత్త పద్ధతి కొత్త మనిషితో మొదలుపెడదాం అని.

పద్ధతి నెగ్గింది, మనిషి పోయాడు. అరిచాను, బల్ల మీద కొట్టాను. నేనూ మానేస్తానని చెప్పి వచ్చేశాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను.

ఆపింది అంజయ్య గారే. "నువ్వు పోతే ఆ రెండో ఫోను ఎవరు చేస్తరమ్మా? కొత్తగ వచ్చేటోనికి మొదటి ఫోనే యాదికుంటది. అది హోటల్ కోసం. రెండోది పెండ్లోళ్ళ కోసం. హాల్ల మిషన్లు ఆన్ అయినయి గద అని ఎనుక నీళ్ళు కుమ్మరిస్తరు. నువ్వుండు."

ఉండిపోయాను. సిబ్బంది వెనక గేటు నుంచే వెళ్ళాలని మా హోటల్ నియమం. ఆఖరి రోజు ఆయన్ని లాబీ మధ్యలోంచి, ముందు తలుపు గుండా తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర తలుపులు తీసే తలపాగాల వాళ్ళిద్దరూ అతిథికి తీసినట్టే తలుపు తీసి సలాం చేశారు. జీఎం మేడమీదినుంచి చూశాడు. ఆపించలేదు. అందుకే చెడ్డవాడని అననన్నాను.

ఆ రెండు ఫోన్ల పద్ధతి తర్వాత ఈ చుట్టుపక్కల హోటళ్ళన్నిటికీ పాకింది. మా దగ్గర పనిచేసి వెళ్ళినవాళ్ళు తమతో పట్టుకెళ్ళారు. దాని వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియదు. కాలేజీలో పిల్లలకి చెబుదామనుకున్నది ఇదే. మీరు నేర్చుకునే ప్రతి పద్ధతి కింద ఎవరో ఒకరు నలిగి ఉంటారు. కనీసం పేరు అడగండి. సంస్థలు న్యాయంగా ఉంటాయని ఆశపడకండి, నేను చూడలేదు. మనుషులు ఉంటారు, అదీ అప్పుడప్పుడు. నాకు అలసటగా ఉంది, ఇంతకంటే తియ్యగా చెప్పలేను.

ఆఖరి పెళ్ళి

హోటల్ మూసేస్తారని తెలిశాక కొత్త బుకింగులు ఆపేశారు. అప్పటికే ఒప్పుకున్న పెళ్ళి ఒకటి మిగిలింది. నేను రిటైరై తెల్లాపూర్‌లో ఫ్లాటులో ఉంటున్నాను. ఆ ఒక్క పెళ్ళికి రమ్మని పిలిచారు, సగం సిబ్బంది అప్పటికే వెళ్ళిపోయారని. అంజయ్య గారికి ఫోన్ చేసి రమ్మన్నాను. "బాలమణికి కాలు ఆపరేషన్ అయింది, దవాఖానల ఉన్న. నువ్వున్నవు గద" అన్నారు.

మంచి పెళ్ళి. ఎవరూ అలగలేదు, ఏదీ తక్కువ కాలేదు. హోమం అయింది. కాపలాకి నిలబెట్టిన సెక్యూరిటీ అతను ట్రాలీ ఎటు తొయ్యాలని అడిగాడు. నేను వెంట నడిచాను. తలుపు దాటగానే కంట్రోల్ రూముకి ఫోన్ చేశాను. "సరే మేడం" అన్నారు. అతన్ని పంపేసి, డాక్‌లో పాలక్రేటు బోర్లించుకుని కూర్చున్నాను. కూరగాయల లారీలు రావడం మానేశాయి. వంటింట్లో గిన్నెలు ఎవరో వేలంలో కొన్నారట, వాటిని బండికెక్కిస్తున్న చప్పుడు. మధ్యాహ్నం ఎండలో నిప్పు రంగు సరిగా కనిపించదు. చెయ్యి దగ్గర పెట్టి చూడాల్సి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. లేవలేదు.

బూడిద చల్లబడ్డాక ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు వచ్చి చెప్పాడు గిన్నెలు ఎక్కించేవాళ్ళలో ఒకతను, కంట్రోల్ రూముకి తాళం వేసి అందరూ వెళ్ళిపోయారని.

రెండో ఫోను ఎవరికి చెయ్యాలి? కాసేపు అలాగే కూర్చుని, అంజయ్య గారికి చేశాను.

"ఏందమ్మా?" అన్నారు. వెనక దవాఖాన గోల, ఎవరి పేరో గట్టిగా పిలుస్తున్నారు.

"కొండెక్కింది అంజయ్య గారూ."



"ఆఖరిదా?"

"ఆఖరిదే."

"నీళ్ళు గిట్ల పొయ్యలే గద?"

"లేదండీ. నేను కూర్చునే ఉన్నాను."

"మంచిదమ్మా" అన్నారు. "ఇగ ఇంటికి పో."